కొండ మీద దొరికిన అల్యూమినియం ముక్క, యుద్ధకాలపు శిక్షణ విమానానిదేనా?

కొండదారి · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఈ వేదిక చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

పోయిన ఆదివారం ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక కొండ ఎక్కాను. మబ్బు కిందికి దిగడంతో దారి వదిలి కంచె పట్టుకుని నడుస్తుంటే ఒక చోట నేల వింతగా కనిపించింది. చుట్టూ మోకాలెత్తు గడ్డి. మధ్యలో మాత్రం ఓ పెద్ద గది అంత మేర నల్లటి బోడి నేల. ఒక్క పరక మొలవలేదు. దగ్గరికి వెళ్తే చిన్న చిన్న లోహపు ముక్కలు, ఎవరో పేర్చిన రాళ్ళ గుట్ట, ఆ రాళ్ళ సందులో గుచ్చిన ఒక చెక్క శిలువ. వర్షానికి దాని మీది అక్షరాలు చెరిగిపోయాయి.

ఒక ముక్క తీసుకుని జేబులో వేసుకున్నాను. ఇప్పుడు నా బల్ల మీద ఉంది. అరచేతిలో పడుతుంది, బరువే లేదు. పొడవాటి రేకును కాలవలా వంచినట్టు ఉంది. ఒక అంచున నెలవంక ఆకారంలో గంటు. మూడు రివెట్లు, అందులో ఒకదాని తల ఊడిపోయింది. మడతల్లో తెల్లటి పొడి, రుద్దితే సుద్దలా వేలికి అంటుకుంటోంది. ఒక కొస మాత్రం కరిగి, కన్నీటి చుక్కలా కిందికి జారి గట్టిపడిపోయింది.

ఆ కొసను చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఇది ఏ విమానానిదో తెలిసినవాళ్ళు చెబుతారా? ఫోటోలు పెట్టాను.

టెయిల్‌వీల్ · శనివారం, రాత్రి 10:05

కొండదారి గారూ, మొదటి ఫోటో చూడగానే తెలిసిపోయింది. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ విమానం, వెల్లింగ్టన్ బాంబర్ ముక్క. ఆ గంటే సాక్ష్యం.

మామూలు విమానానికి అడ్డంగా చట్రాలు, పొడుగునా బద్దీలు వేసి పైన రేకు తొడుగుతారు. వెల్లింగ్టన్ అలా కాదు. ఇంజనీరు బార్న్స్ వాలిస్ దాన్ని బుట్ట అల్లినట్టు అల్లాడు. వంచిన డ్యూరల్యుమిన్ (ఒక అల్యూమినియం మిశ్రమం) పట్టీలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. దాటే ప్రతి చోటా ఒక పట్టీలో గంటు కొట్టి రెండో పట్టీని అందులో కూర్చోబెట్టి రివెట్ చేస్తారు. దీన్ని జియోడెటిక్ నిర్మాణం అంటారు. ఆ అల్లిక మీద సన్నటి చెక్క బద్దీలు, వాటి మీద గుడ్డ, గుడ్డను బిగించడానికి దాని మీద డోప్ అనే రసాయన పూత. శత్రువుల గుళ్ళు తగిలి పక్కన పెద్ద కంత పడినా, మిగతా అల్లిక బరువు మోసేది. అందుకే ఆ విమానం అంటే సిబ్బందికి అంత నమ్మకం. మొత్తం 11,461 కట్టారు.

కానీ గుడ్డ, డోప్, పెట్రోలు, మెగ్నీషియం భాగాలు, ఇవన్నీ ఒక చోట ఉన్నప్పుడు నిప్పు అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. మీ ముక్క కొస కరిగింది అందుకే. అల్యూమినియం మిశ్రమాలు 600 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడి జారిపోతాయి. ఆ తెల్లపొడి ఇన్నేళ్ళ తుప్పు. గడ్డి మొలవకపోవడానికి కూడా కారణం అదే, ఆ లోహపు తుప్పూ కాలిన ఇంధనమూ అక్కడి పీట్ (కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన) నేలలోకి దిగిపోయాయి.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై రెండేళ్ళు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని, అంటే విమానం చట్రం చూసుకునే మెకానిక్‌ని. రివెట్ చూస్తే వేసినవాడి చెయ్యి తెలుస్తుందంటాం. మీ ఫోటోలో ఉన్నవి చక్కగా వేసిన రివెట్లు.

పాతఫైళ్ళు · ఆదివారం, ఉదయం 6:40

టెయిల్‌వీల్ గారు చెప్పింది సరైనదే. నేను మరో విషయం చెప్పాలి, కొండదారి గారు నొచ్చుకోకూడదు.

ఆ ముక్కను మీరు తీసుకురాకుండా ఉండాల్సింది. బ్రిటన్‌లో 1986 నాటి సైనిక అవశేషాల రక్షణ చట్టం ప్రకారం సైనిక సేవలో ఉండగా కూలిన ప్రతి విమానమూ రక్షిత స్థలమే. ప్రత్యేకంగా ప్రకటించనక్కర్లేదు, బోర్డు పెట్టనక్కర్లేదు. రక్షణ శాఖ లైసెన్సు లేకుండా అక్కడ తవ్వడం, వస్తువులు కదిలించడం, తీసుకుపోవడం నేరం. మనుషుల అవశేషాలు ఉండే అవకాశం ఉన్నా, పేలని మందుగుండు ఉండే అవకాశం ఉన్నా ఆ లైసెన్సు కూడా ఇవ్వరు.

మీరు దురుద్దేశంతో తెచ్చారని అనడం లేదు. చాలామందికి తెలియదు. కానీ ఏడాదికి వందమంది వెళ్ళి తలా ఒక ముక్క తెచ్చుకుంటే, ఇరవై ఏళ్ళకు అక్కడ ఏమీ మిగలదు. కొన్ని కొండల మీద ఇప్పటికే అలా జరిగింది.

ఇక విమానం సంగతి. చోటు తెలిస్తే తేదీ పట్టుకోవడం కష్టం కాదు. వెల్లింగ్టన్, అదీ యుద్ధరంగానికి దూరంగా కొండ మీద అంటే, చాలావరకు ఓటీయూ విమానమే అయ్యుంటుంది. ఓటీయూ అంటే ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్. విడివిడిగా శిక్షణ పొందిన పైలట్, నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్, బాంబ్ ఎయిమర్, గన్నర్ మొదటిసారి ఒక జట్టుగా కలిసే చోటు అది. వాళ్ళందరినీ ఒక పెద్ద హాంగర్‌లో వదిలి, మీకు నచ్చినవాళ్ళతో జట్టు కట్టుకోండి అనేవాళ్ళు. అలా మధ్యాహ్నం టీ వేళకు పరిచయమైనవాళ్ళే ఆ తర్వాత బతికినా చచ్చినా కలిసే.

ఓటీయూల రికార్డు పుస్తకాలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 29 వరసలో ఉంటాయి. ప్రమాదం కార్డు, అంటే ఫారం 1180, ఆర్ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) మ్యూజియం దగ్గర అడగాలి. లింకన్‌లోని ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ వాళ్ళ నష్టాల డేటాబేస్ ఆన్‌లైన్‌లో ఉచితం, అందులో శిక్షణలో పోయినవాళ్ళు కూడా ఉన్నారు. ముందు అక్కడ వెతకండి.

కొండదారి · ఆదివారం, ఉదయం 8:15

పాతఫైళ్ళు గారూ, నొచ్చుకోలేదు. సిగ్గుగా ఉంది. చట్టం సంగతి నిజంగా తెలియదు. తెలియకపోయినా, శిలువ కనిపించాక అయినా నాకు తోచి ఉండాల్సింది. డేటాబేస్‌లో వెతుకుతాను.

వేగుచుక్క · ఆదివారం, ఉదయం 11:30

నాదొక సందేహం, తెలిసినవాళ్ళు చెప్పండి. యుద్ధం జరుగుతోంది నిజమే, కానీ వీళ్ళ మీద ఎవరూ కాల్పులు జరపలేదు కదా. వాళ్ళ సొంత దేశం మీదే ఎగురుతున్నారు. మ్యాపు ఉంది, ఎత్తు చూపే ఆల్టిమీటర్ ఉంది, కొండ ఎంత ఎత్తో మ్యాపులో రాసి ఉంది. మరి కొండకు ఎలా గుద్దుకుంటారు? ఒకటీ అరా కాదు, అన్ని విమానాలు?

మబ్బులచాటు · ఆదివారం, మధ్యాహ్నం 2:48

వేగుచుక్క గారూ, మంచి ప్రశ్న. నేను విమానం నడుపుతాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా, తాము ఎక్కడ ఉన్నారో వాళ్ళకు ఎలా తెలిసేదో చూడండి. ఇప్పటిలా తెర మీద చుక్క కనిపించదు. డెడ్ రెకనింగ్ అనే లెక్క ఒక్కటే ఆధారం. ఈ దిక్కులో, ఈ వేగంతో, ఇన్ని నిమిషాలు ఎగిరాం, గాలి ఇటు నుంచి ఇంత వేగంతో వీస్తోంది, కాబట్టి ఇక్కడ ఉండాలి. ఆ "ఉండాలి" అన్న మాటలోనే ప్రమాదం అంతా ఉంది. గాలి వేగం బయలుదేరే ముందు చెప్పిన అంచనా. అది గంటకు 20 మైళ్ళు తప్పితే, గంట ఎగిరేసరికి మనం అనుకున్న చోటుకు 20 మైళ్ళ దూరంలో ఉంటాం. దిక్కు ఒక్క డిగ్రీ తేడా వస్తే 60 మైళ్ళకు ఒక మైలు పక్కకు పోతాం. మైదానం మీద ఉన్నాం అనుకుంటాం, కింద కొండలు ఉంటాయి.

కిందికి చూసి ఊరినో రైలు పట్టానో గుర్తుపట్టొచ్చు కదా అంటారా? దేశమంతా బ్లాకౌట్. దీపం అనేది ఉండదు. రాత్రి, మబ్బు, కింద చీకటి.

ఇప్పుడు ఆల్టిమీటర్. అది నేల నుంచి ఎత్తు కొలవదు, గాలి పీడనాన్ని కొలుస్తుంది. బయలుదేరేటప్పుడు అక్కడి పీడనానికి సరిపెడతారు. ఒక మిల్లీబార్ తేడా అంటే దాదాపు 30 అడుగులు. ఎగురుతూ తక్కువ పీడనం ఉన్న ప్రాంతంలోకి వెళ్తే, అంటే సరిగ్గా వాతావరణం చెడిపోయిన చోటికి వెళ్తే, ముల్లు ఉన్న ఎత్తు కంటే ఎక్కువ చూపిస్తుంది. 20 మిల్లీబార్లు తగ్గితే 600 అడుగుల అబద్ధం. గాలి బాగా చల్లగా ఉంటే ఇంకొంచెం. అద్దం మీద 2,500 కనిపిస్తుంటే నిజానికి ఉన్నది 1,900 అడుగుల దగ్గర. ఎదురుగా 2,300 అడుగుల కొండ.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మన చెవి మనల్ని మోసం చేస్తుంది. లోపలి చెవిలో అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి, వాటిలోని ద్రవం కదలికను బట్టి తిరుగుతున్నామో లేదో మెదడుకు తెలుస్తుంది. మబ్బులో నెమ్మదిగా ఒక పక్కకు తిరగడం మొదలై అలాగే కొనసాగితే, ఓ ఇరవై సెకన్లకు ఆ ద్రవం కుదురుకుంటుంది. తిన్నగా పోతున్నామనే అనిపిస్తుంది. అప్పుడు పరికరం చూసి విమానాన్ని సరిచేస్తే, అవతలి పక్కకు ఒరిగిపోతున్నట్టు ఒళ్ళంతా గోల పెడుతుంది. నాకు మొదటిసారి అలా అయినప్పుడు పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. పరికరాలు చూడు, నీ ఒంటిని నమ్మకు అంటూనే ఉన్నాడు. నా చెయ్యి మాత్రం వినలేదు. ఆయన కంట్రోల్ తీసుకోకపోతే నేను ఇప్పుడు ఇది రాస్తూ ఉండేవాణ్ణి కాదు. అది పగలు. నాకు వెనకాల ఆధునిక పరికరాలు ఉన్నాయి.

ఆ రోజుల్లో లింక్ ట్రైనర్ అని నీలం రంగు చెక్క పెట్టెలో కూర్చోబెట్టి పరికరాల మీదే నడపడం నేర్పేవాళ్ళు. నేర్చుకున్నారు. కానీ పెట్టె కదిలితే ప్రాణం పోదు.

టెయిల్‌వీల్ · ఆదివారం, సాయంత్రం 4:20

మబ్బులచాటు గారు మనుషుల వైపు చెప్పారు. నేను యంత్రం వైపు చెబుతాను.

కొత్త విమానం యుద్ధం చేసే స్క్వాడ్రన్‌కు పోయేది. అక్కడ అలిసిపోయింది ఓటీయూకు వచ్చేది. గుళ్ళు తగిలి అతుకులు వేసినవి, ఇంజన్లు ఎన్నోసార్లు విప్పి బిగించినవి. వెల్లింగ్టన్లను 1943 అక్టోబరుకు బాంబర్ కమాండ్ (ఆర్ఏఎఫ్‌లో బాంబర్ల విభాగం) ముందువరస నుంచి తీసేశారు, శిక్షణలో మాత్రం అవి యుద్ధం చివరిదాకా ఎగిరాయి. తొలి మార్కుల్లో, అంటే తొలి రకాల్లో ఉన్న పెగాసస్ ఇంజన్‌లో తొమ్మిది సిలిండర్లు చక్రంలా అమర్చి ఉంటాయి. రెండూ నడుస్తుంటే మంచి ఇంజనే. ఒకటి ఆగిపోతే, నిండా ఇంధనం ఉన్న వెల్లింగ్టన్ ఎత్తు నిలబెట్టుకోవడం కష్టం. ఎత్తు తగ్గుతూ మబ్బులోకి, మబ్బులోంచి కొండ మీదికి.

చలికాలం కార్బురేటర్లో మంచు, రెక్కల మీద మంచు. వేగం కొలిచే పైటాట్ గొట్టం మూసుకుపోతే వేగం ముల్లు కూడా అబద్ధం చెబుతుంది.

రెండోమ్యాపు · ఆదివారం, రాత్రి 8:02

ఈ చర్చలో బక్డెన్ పైక్ గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. యార్క్‌షైర్ డేల్స్‌లో 702 మీటర్ల కొండ. నేను మూడుసార్లు ఎక్కాను, రెండుసార్లు మంచులో.

30 జనవరి 1942. బ్రామ్‌కోట్‌లోని 18వ ఓటీయూ నుంచి ఎన్2848 నంబరు వెల్లింగ్టన్ శిక్షణ కోసం బయలుదేరింది. సిబ్బంది ఆరుగురు, అందరూ పోలండ్ వాళ్ళు. దేశం చేజారిపోయాక ఎక్కడెక్కడి నుంచో బ్రిటన్ చేరుకుని మళ్ళీ పోరాడడానికి శిక్షణ తీసుకుంటున్నవాళ్ళు. మంచు తుపానులో విమానం ఆ కొండకు గుద్దుకుంది. నలుగురు అక్కడికక్కడే పోయారు. వైర్‌లెస్ ఆపరేటర్ కొన ఊపిరితో ఉన్నాడు. తోక వైపు టరెట్‌లో (తుపాకుల గూడులో) ఉన్న గన్నర్ కాలు విరిగింది, కానీ ప్రాణం ఉంది.

అతను సాయం కోసం బయలుదేరాడు. ఎటు చూసినా తెలుపే. ఎటు వెళ్తే కిందికి దిగుతామో తెలియదు. అప్పుడు మంచులో ఒక నక్క అడుగులు కనిపించాయట. నక్క తిండి కోసం మనుషులున్న చోటికే పోతుంది అనుకుని ఆ అడుగుల వెంట పాకుతూ దిగాడు. అవి అతన్ని క్రే అనే పల్లెకు చేర్చాయి. సాయం పైకి చేరేసరికి వైర్‌లెస్ ఆపరేటర్ బతికి లేడు.

ఆ గన్నరే ముప్పై ఏళ్ళ తర్వాత తన ఐదుగురు మిత్రుల కోసం కొండ మీద తెల్లటి రాతి శిలువ కట్టించాడు. దాని పీఠంలో విమానం ముక్కలు కొన్ని పొదిగి ఉన్నాయి. ఒక మూల చిన్న కంచు నక్క తల. అరచేతిలో ఇమిడేంత. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు దాని చెవుల మధ్య మంచు పేరుకుని ఉంది. గ్లవ్ తీసి వేలితో తుడిచాను.

వేగుచుక్క గారూ, వాళ్ళ మీద ఎవరూ కాల్పులు జరపలేదన్నది నిజం. కానీ ఆ కొండ మీద నిలబడితే ఆ ప్రశ్న నోట రాదు.

వేగుచుక్క · ఆదివారం, రాత్రి 8:40

రెండోమ్యాపు గారూ, తేలిగ్గా తీసుకుని అడగలేదు. అర్థం చేసుకోవడానికే అడిగాను. మీరంతా ఇంత ఓపిగ్గా చెప్పినందుకు కృతజ్ఞతలు. మబ్బులచాటు గారి లెక్క కాగితం మీద వేసుకుని చూశాను. 600 అడుగులు అనేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఇంకొకటి అడుగుతాను. ఇలా పోతున్నారని తెలిసి ఏమీ చేయలేదా?

పాతఫైళ్ళు · సోమవారం, ఉదయం 7:05

చేశారు. యుద్ధం సాగేకొద్దీ నేర్చుకుంటూ చేశారు.

ఏరోడ్రోమ్‌ల చుట్టూ సెర్చ్‌లైట్లను పైకి ఒక్క చోట కలిసేలా పెట్టేవాళ్ళు, శాండ్రా లైట్లు అనేవాళ్ళు. దారి తప్పిన పైలట్‌కు దూరం నుంచి వెలుగు గోపురంలా కనిపిస్తుంది. నేల మీది నుంచి విమానాలను కనిపెట్టే రాయల్ అబ్జర్వర్ కోర్ వాళ్ళకు గ్రానైట్ అనే ఏర్పాటు ఉండేది. ఎత్తయిన ప్రాంతాల్లోని పోస్టుల్లో ఉన్నవాళ్ళు, వాతావరణం బాగాలేనప్పుడు విమానం కొండల వైపు తక్కువ ఎత్తులో వస్తున్న చప్పుడు వింటే ఎర్ర ఫ్లేర్లు వెలిగించేవాళ్ళు. విమానం కనిపించదు, చప్పుడే. ఆ చప్పుడు బట్టి మంట వెలిగించి, అది పైకి తిరిగిందో లేదో వింటూ నిలబడేవాళ్ళు.

అన్నిటికన్నా పెద్దది కొండ రక్షక దళం. వేల్స్‌లోని లాండ్రోగ్ ఏరోడ్రోమ్‌లో నావిగేటర్లకు శిక్షణ ఇచ్చేవాళ్ళు, పక్కనే స్నోడోనియా పర్వతాలు. విమానాలు కూలుతూనే ఉన్నాయి. గుద్దుకున్న దెబ్బకు బతికి, ఆ తర్వాత చలికి చనిపోతున్నవాళ్ళు ఉన్నారని అక్కడి వైద్యాధికారి జార్జ్ గ్రాహమ్ గ్రహించాడు. ఆయన స్వయంగా కొండలెక్కేవాడు. స్టేషన్‌లోని మామూలు సిబ్బందిని పోగేసి 1942లో ఒక జట్టు తయారు చేశాడు. 1943లో దానికి అధికారిక గుర్తింపు వచ్చింది. ఆర్ఏఎఫ్ మౌంటెన్ రెస్క్యూ ఇప్పటికీ ఉంది, ఇప్పుడు కొండల్లో చిక్కుకున్న మామూలు జనాన్ని కూడా కాపాడుతోంది. అది పుట్టింది ఈ శిక్షణ విమానాల వల్లే.

చదువరి · సోమవారం, మధ్యాహ్నం 12:50

మొత్తం చదివాను. సంఖ్యలు చెబుతారా ఎవరైనా? మనం మాట్లాడుతున్నది పదుల్లోనా, వేలల్లోనా?

పాతఫైళ్ళు · సోమవారం, మధ్యాహ్నం 1:30

వేలల్లో. బాంబర్ కమాండ్‌లో చనిపోయిన 55,573 మందికి 2012లో లండన్ గ్రీన్ పార్క్‌లో స్మారకం తెరిచారు. ఆ సంఖ్యలో శిక్షణలో పోయినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళే కొన్ని వేలమంది. అమెరికా సంగతి చూస్తే, వాళ్ళ సైనిక విమాన దళం సొంత గడ్డ మీద, శత్రువు ఛాయ కూడా లేని చోట, యుద్ధకాలంలో ప్రమాదాల్లోనే దాదాపు 15,000 మందిని పోగొట్టుకుంది.

ఇందులో పాఠాలు నేర్పేవాళ్ళు కూడా ఉన్నారు. ముప్పై దాడులు పూర్తి చేసి బతికి బయటపడ్డవాళ్ళను విశ్రాంతి పేరుతో ఓటీయూలకు ఇన్‌స్ట్రక్టర్లుగా పంపేవాళ్ళు. జర్మనీ మీద ముప్పైసార్లు ఎగిరి తిరిగొచ్చి, కొత్త కుర్రాడి పక్కన కూర్చుని ఇంగ్లండ్ కొండ మీద పోయినవాళ్ళు ఉన్నారు.

శిక్షణకూ యుద్ధానికీ మధ్య గీత కూడా మనం అనుకున్నంత గట్టిది కాదు. 1942 మే 30 రాత్రి జర్మనీలోని కొలోన్ నగరం మీదికి 1,047 విమానాలు పంపారు. అందులో మూడో వంతుకు పైగా శిక్షణ యూనిట్లవి. వెయ్యి అనే అంకె నిండడం కోసం ఇన్‌స్ట్రక్టర్లను, ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళను కూడా ఎక్కించారు.

కొండదారి · గురువారం, రాత్రి 10:35

నాలుగు రోజులుగా రాయలేదు. వెతుకుతున్నాను. దొరికింది.

మొదట డేటాబేస్‌లో విమానం, తర్వాత ఒక స్థానిక చరిత్రకారుల బృందం ద్వారా ప్రమాదం కార్డు నకలు చూశాను. ఐదుగురు. ఎవరూ బతకలేదు. అందరిలోకీ పెద్దవాడి వయసు 24. పేర్లు, తేదీ ఇక్కడ రాయను. ఒకరి తమ్ముడి కూతురు ఇంకా ఆ కొండకు వస్తూ ఉంటుందని వాళ్ళు చెప్పారు, ఆవిడ అనుమతి లేకుండా రాయడం బాగుండదు. ఆ చెక్క శిలువ పెట్టింది ఆవిడేనట.

రాత్రి క్రాస్ కంట్రీ శిక్షణ, అంటే దూరప్రయాణం అభ్యాసం. మబ్బులోంచి కిందికి దిగుతూ కొండను తాకింది. కార్డు మీద కారణం చోట రెండు వాక్యాలు. మొదటిది: నావిగేషన్ పొరపాటు. రెండోది: తాము ఎక్కడ ఉన్నదీ తేల్చుకోకుండా మబ్బులోంచి కిందికి దిగడం పైలట్ తప్పు.

పైలట్ వయసు 20. నేను దీన్ని ఎలా తీసుకోవాలో తెలియడం లేదు. ఐదుగురు పోయారు, కాగితం మీద మిగిలింది "తప్పు" అన్న మాట.

చదువరి · గురువారం, రాత్రి 11:10

నాకు చాలా కోపం వస్తోంది. అలిసిపోయిన విమానం ఇచ్చారు, అంచనా గాలి ఇచ్చారు, చీకట్లో మబ్బులోకి పంపారు. పోయాక తప్పు మీదే అన్నారు. సమాధానం చెప్పుకోవడానికి లేనివాడి మీద తప్పు వేయడం ఎంత తేలికో.

మబ్బులచాటు · శుక్రవారం, ఉదయం 6:15

చదువరి గారూ, మీ కోపం అర్థమవుతుంది. కానీ ఆ కార్డు రాసినవాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. అది తీర్పు కాదు. తర్వాతి వారం అదే మబ్బులోకి వెళ్ళబోయే ఇంకో కుర్రాడికి, స్థానం తెలియకుండా దిగకు అని చెప్పడం కోసం రాసుకున్న గుర్తు. ఆ నియమం ఇప్పటికీ ఉంది. కనీస సురక్షిత ఎత్తు అని మాకు మొదటి నెలలోనే నేర్పుతారు, ఎక్కడ ఉన్నామో తెలిసే వరకు దాని కిందికి దిగకూడదు. నేను పాటించే ఆ నియమం ఇలాంటి కార్డుల్లోంచి వచ్చింది.

ఆ పైలట్ ఎందుకు దిగి ఉంటాడో కూడా ఆలోచించండి. సరదాకి ఎవరూ దిగరు. మబ్బు కింద నేల కనిపిస్తే ఎక్కడున్నామో తెలుసుకోవచ్చని దిగుతారు. ఇంధనం తగ్గుతోంది, మంచు పట్టేస్తోంది, నావిగేటర్ సముద్రం మీద ఉన్నాం, కొండలు దాటేశాం అన్నాడు. అతని మాట నమ్మాడు. జట్టు అంటే అదే కదా.

టెయిల్‌వీల్ · శుక్రవారం, ఉదయం 9:00

నా సర్వీసులో జరిగింది ఒకటి చెబుతాను. ఎక్కడ, ఎప్పుడు అనేది వద్దు.

ఒక రోజు మా యూనిట్ నుంచి వెళ్ళిన శిక్షణ విమానం తిరిగి రాలేదు. ఆ విమానం ఫారం 700 (తనిఖీలు, మరమ్మతులు రాసే పుస్తకం) మీద ఎయిర్‌ఫ్రేమ్ గడిలో చివరి సంతకం నాది. కబురు తెలియగానే ముందు ఆ పుస్తకానికి సీలు వేసి తీసుకుపోయారు, అది పద్ధతి. విచారణ పూర్తయ్యేదాకా నెలన్నర. ఆ నెలన్నర ప్రతి రాత్రీ ప్రతి స్క్రూ మనసులో మళ్ళీ బిగించాను. ఎడమ ఎయిలరాన్ (రెక్క అంచున కదిలే పలక) హింజ్ దగ్గర స్ప్లిట్ పిన్ వంచానా లేదా? వంచాను. వంచినట్టు గుర్తు. వంచాను కదా?

విచారణలో విమానం తప్పు లేదు, పైలట్ పొరపాటు అని తేలింది. ఆ మాట విన్నప్పుడు నా గుండెల మీద బరువు దిగింది. వెంటనే, బరువు దిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ కుర్రాడు ఎక్కేముందు నాకు రోజూ నమస్తే సార్ అనేవాడు.

కాబట్టి కొండదారి గారూ, ఆ కార్డు మీద ఉన్న మాట వెనక, ఏదో ఏరోడ్రోమ్‌లో ఒక ఫిట్టర్ కూడా ఉండి ఉంటాడు. అతనూ ఆ రాత్రి నిద్రపోయి ఉండడు.

కొండదారి · శుక్రవారం, ఉదయం 9:25

టెయిల్‌వీల్ గారూ… ఏం రాయాలో తెలియడం లేదు. చెప్పినందుకు నమస్కారం.

రెండోమ్యాపు · శుక్రవారం, మధ్యాహ్నం 3:10

విషయం కొంచెం పక్కకు పోతుందేమో గానీ, వెల్లింగ్టన్ అసలు ఎలా ఉండేదో చూడాలనుకునేవాళ్ళ కోసం. 11,461లో పూర్తి రూపంలో మిగిలినవి రెండే. అందులో యుద్ధంలో పాల్గొన్నది ఒకటే, ఎన్2980, దాన్ని ఆర్ ఫర్ రాబర్ట్ అని పిలుస్తారు. ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ మ్యూజియంలో ఉంది.

1939 డిసెంబరు 18న జర్మనీ తీరంలోని హెలిగోలాండ్ బైట్ అనే సముద్రభాగం మీద జరిగిన ఘోరమైన గగనపోరులో పాల్గొని తిరిగొచ్చిన విమానం అది. తర్వాత లాసీమౌత్‌లోని 20వ ఓటీయూకు ఇచ్చారు. 1940 డిసెంబరు 31న శిక్షణకు వెళ్ళినప్పుడు స్కాట్లండ్ కొండల మీద మంచు తుపానులో ఒక ఇంజన్ ఆగిపోయింది. పైలట్ మిగతావాళ్ళను దూకేయమన్నాడు. దూకినవాళ్ళలో రియర్ గన్నర్ పారాచూట్ చిక్కుకుని చనిపోయాడు. పైలట్లిద్దరూ విమానాన్ని లాక్ నెస్ సరస్సు మీద దించి, రబ్బరు పడవలో ఒడ్డుకు చేరారు. 1985లో దాన్ని నీళ్ళలోంచి పైకి తీశారు. నలభై అయిదేళ్ళు నీటి అడుగున ఉన్నా కొన్ని చోట్ల గుడ్డ అలాగే ఉంది, బ్యాటరీ తగిలిస్తే తోక దీపాలు వెలిగాయి.

అంటే, శత్రువు పడగొట్టలేని విమానాన్ని శిక్షణలో మంచు పడగొట్టింది. ఈ రోజు ఆ అల్లికను మనం కళ్ళారా చూడగలుగుతున్నామంటే అది కూడా ఒక శిక్షణ ప్రమాదం వల్లే. కొండదారి గారు తప్పకుండా వెళ్ళండి. మీ ముక్కలోని గంటు అక్కడ వేల సంఖ్యలో కనిపిస్తుంది.

చదువరి · శుక్రవారం, రాత్రి 9:45

మబ్బులచాటు గారి మాట రెండుసార్లు చదివాను. కార్డు తీర్పు కాదన్నది ఒప్పుకుంటాను. కానీ కుటుంబానికి చేరే మాట వేరే కదా. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చే జాబితాల్లో "పోరులో మరణించారు" అని ఒక వరస, "సేవలో ఉండగా మరణించారు" అని ఇంకో వరస ఉండేవని చదివాను. రెండో వరసలో కొడుకు పేరు చూసుకున్న తల్లికి ఎలా ఉండేదో. పక్కింటివాళ్ళు ఏం జరిగిందని అడిగితే ఏం చెప్పేదో.

పాతఫైళ్ళు · శనివారం, ఉదయం 6:20

ఆ వరసలు నిజమే. కానీ సమాధుల దగ్గర ఆ తేడా లేదు. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రాళ్ళన్నీ ఒకే ఎత్తు, ఒకే ఆకారం. పైన దళం చిహ్నం, హోదా, పేరు, తేదీ, వయసు, కింద కుటుంబం కోరితే ఒక వాక్యం. బెర్లిన్ మీద పోయాడా, ఇంగ్లండ్ కొండ మీద పోయాడా అన్నది ఎక్కడా రాయరు. నేను ఎన్నో శ్మశానాలు తిరిగాను. ఏరోడ్రోమ్‌ల దగ్గరి పల్లె చర్చిల్లో ఒకే తేదీతో నాలుగైదు రాళ్ళు పక్కపక్కన ఉంటే, అది ఒక జట్టు అని దూరం నుంచే తెలుస్తుంది.

కొండదారి గారూ, మీ ఐదుగురిలో ఎవరైనా అక్కడికి దగ్గరలో ఉన్నారేమో కమిషన్ వెబ్‌సైట్‌లో చూడండి. చాలామందిని మాత్రం రైల్లో వాళ్ళ ఇళ్ళకు పంపి ఉంటారు.

కొండదారి · ఆదివారం, సాయంత్రం 6:50

ఇవాళ మళ్ళీ వెళ్ళాను. ముక్కను వెనక్కి పెట్టాను.

ఆ చరిత్రకారుల బృందంలో ఒక పెద్దాయన తోడు వచ్చారు. ఎక్కడ తీశానో ఫోటో చూసి సరిగ్గా అక్కడే పెట్టించారు, రాళ్ళ గుట్టలో కాదు. విమానం ఎటు నుంచి వచ్చి ఎటు జారిందో ముక్కలు పడి ఉన్న వరసను బట్టే తెలుస్తుంది, మనం కదిలిస్తే అది చెరిగిపోతుందన్నారు. ఆ మాట నాకు ముందు తట్టలేదు. ఆయన వేలితో చూపిస్తే కనిపించింది. ఏటవాలుగా పైకి ఓ ముప్పై అడుగుల సన్నటి గుంట, దాని చివర ఆ బోడి నేల. వాళ్ళు చివరి క్షణంలో ముక్కు పైకి ఎత్తారట. గుంట లోతు తక్కువగా ఉండడం చూసి అలా చెప్పొచ్చట. అంటే కొండ కనిపించింది, ఎత్తడానికి ప్రయత్నించారు.

శిఖరం అక్కడి నుంచి నడిస్తే నాలుగు నిమిషాలు. టైము చూసుకుని నడిచాను.

ముగ్గురు వాళ్ళ ఊళ్ళలో ఉన్నారు. ఇద్దరు ఏరోడ్రోమ్ పక్కన పల్లె చర్చిలో, పక్కపక్కన. పైలట్, వైర్‌లెస్ ఆపరేటర్. వచ్చే నెల వెళ్తాను.

టెయిల్‌వీల్ · ఆదివారం, రాత్రి 7:30

ముక్కు ఎత్తారన్న మాట రాసినందుకు మీకు రుణపడి ఉంటాను. ఎలివేటర్ (ముక్కును ఎత్తే తోక పలక) పనిచేసిందన్నమాట.

చర్చికి వెళ్ళినప్పుడు ఆ రెండు రాళ్ళ దగ్గర మా అందరి తరఫున కాసేపు నిలబడండమ్మా.